ద్రౌపది ప్రశ్న, జీవో 3, మా పిన్ని: తీర్పులో జడ్జి మనసు ఎక్కడుంటుంది?



గత ఆదివారం వీడియోలో ద్రౌపది నిండు సభలో అడిగిన ప్రశ్న గురించి చెప్పుకున్నాం కదా. టైమ్ సరిపోక ఒక ముక్క వదిలేశాను. నిజానికి నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఆ ముక్కే. అందుకే ఈసారి పోస్ట్ కాస్త పొడుగ్గా ఉంటుంది, టీ పక్కన పెట్టుకుని చదవండి.

వీడియో చూడనివాళ్ళ కోసం రెండు మాటలు. ధర్మరాజు జూదంలో ముందు తమ్ముళ్ళని, తర్వాత తనని తాను, ఆ తర్వాత ద్రౌపదిని ఒడ్డి ఓడిపోయాడు. తనని పిలుచుకుపోవడానికి వచ్చిన ప్రాతికామిని ద్రౌపది బతిమాలలేదు, ఒక లా పాయింట్ అడిగింది. ఆయన ముందు ఎవర్ని ఓడిపోయాడు, తననా, నన్నా? ముందే తనని తాను ఓడిపోయినవాడికి ఇంకొకర్ని పందెం పెట్టే హక్కు ఎక్కడిది?

సభలో ఉన్నవాళ్ళందరికీ జరిగిందేంటో తెలుసు. వాళ్ళు నేర్చుకున్న ధర్మం కూడా ఒకటే. కానీ జవాబులు మూడు వచ్చాయి. భీష్ముడు ధర్మం చాలా సూక్ష్మమైనదన్నాడు. తనది కాని దాన్ని ఎవరూ ఒడ్డలేరు, కానీ భార్య భర్త అధీనంలో ఉంటుంది, కాబట్టి నేను తేల్చలేను, ధర్మరాజునే అడగమన్నాడు. కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు లేచి, ఈమె ఓడినట్టు కాదని చెప్పి కారణాలు వరసగా ఇచ్చాడు. వ్యసనంలో ఉన్నవాడు చేసిన పనికి విలువ లేదు, ఆమె ఐదుగురికీ భార్య, ధర్మరాజు అప్పటికే తనని తాను ఓడిపోయాడు, పైగా ఆమెని ఒడ్డమని రెచ్చగొట్టింది శకుని. కర్ణుడికి ఇందులో సందేహమే లేదు. సర్వస్వం ఒడ్డినప్పుడు అందులో ఆమె కూడా ఉన్నట్టే అన్నాడు.

ఇన్‌పుట్ ఒకటే, రూల్స్ ఒకటే, అవుట్‌పుట్‌లు మూడు. మా ఆఫీసులో అయితే దీన్ని బగ్ అని టికెట్ పెడతారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. భీష్ముడు సరిగ్గా ఆలోచించలేదు, వికర్ణుడు ఆలోచించాడు, కథ అయిపోయింది. తర్వాత భీష్మపర్వం చదివాను. యుద్ధం మొదలయ్యే ముందు ధర్మరాజు నమస్కారం పెట్టడానికి వస్తే, భీష్ముడే తన నోటితో ఒప్పుకుంటాడు: మనిషి అర్థానికి దాసుడు, కౌరవుల సొమ్ముతో నేను కట్టుబడిపోయాను అని. ఆ రోజు సభలో ఆయన చెప్పిన సూక్ష్మధర్మం కింద ఈ కట్టుబాటు కూడా ఉందా? ఉందనే నాకు అనిపిస్తుంది. కానీ ఆ రోజు ఆ మాట బయటికి చెప్పలేదు.

మన సుప్రీంకోర్టు చిహ్నం కింద ఉన్న సంస్కృత వాక్యం కూడా మహాభారతంలోదే. అందుకే అక్కడి నుంచి ఇక్కడికి వస్తున్నాను.

మా ఇంట్లో తీర్పు ముందే వచ్చేసింది

2020 ఏప్రిల్ 22. లాక్‌డౌన్ రోజులు. నేను బీటెక్ ఫైనల్ ఇయర్, కాలేజీ మూసేస్తే ఇంట్లో ఉన్నాను. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్‌లో ఒక వార్త వచ్చింది: ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అనే జీవో 3ని సుప్రీంకోర్టు కొట్టేసింది. నేను వెంటనే చప్పట్ల బొమ్మ పెట్టాను. తీర్పు చదవలేదు. ఆ జీవో ఎందుకు వచ్చిందో కూడా తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, మా పిన్ని.

పిన్ని నర్సీపట్నంలో డీఎడ్ చేసింది. రెండుసార్లు డీఎస్సీ రాసింది. ఒకసారి రెండు మార్కుల్లో పోయింది. పైన కొండల మీద ఖాళీలున్నాయి, వాటికి ఆమె అప్లై చేయడానికి లేదు. ఆ తర్వాత పన్నెండేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో చాలా తక్కువ జీతానికి చేసింది. తీర్పు వచ్చేనాటికి ఆమెకి వయసు దాటిపోయింది. అయినా ఆ రోజు ఇంట్లో పాయసం చేసుకున్నాం.

రెండేళ్ళ తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం, హాస్టల్. నా రూమ్మేట్‌ది గూడెం కొత్తవీధి మండలం. సంక్రాంతి సెలవులకి వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. నర్సీపట్నం దాకా నాకు తెలిసిన దారే. ఆ తర్వాత ఘాట్ ఎక్కి, లంబసింగి, చింతపల్లి దాటి, కాఫీ తోటల మధ్యనుంచి కొత్తవీధి. అక్కణ్ణుంచి ఊరికి ఆటో, ఆఖరున నడక. పొద్దున్నే వాళ్ళ ఇంటి ముందు మంట దగ్గర కూర్చున్నాం. వాళ్ళ చెల్లి ఒక మోడల్ పేపర్ దిద్దుకుంటోంది. డీఎడ్ అయింది, డీఎస్సీకి చదువుతోంది. మాటల్లో బడి సంగతి వచ్చింది.

"మా మాస్టారు మంచోరే అన్నయ్యా. కింద నుంచి వస్తారు. వానలు పడితే మాత్రం రారు," అంది. తర్వాత నవ్వుతూ, "ఒకటో తరగతి పిల్లలకి ఆయన తెలుగు అర్థం కాదు, ఆయనకి వీళ్ళ మాట అర్థం కాదు. మూడో తరగతికి వచ్చేసరికి ఇద్దరికీ అలవాటైపోద్ది," అంది.

జీవో 3 గురించి నన్నేమీ అడగలేదు. అడిగితే బాగుండేది. పాయసం సంగతి నేనే చెప్పలేక ఊరుకున్నాను.

ఈ కొండల్లో జడ్జి ఎవరు?

తిరిగి వచ్చాక చదవడం మొదలుపెట్టాను. ముందు తెలిసింది, ఈ కొండల్లో న్యాయం ఎప్పుడూ మైదానంలో ఉన్నట్టు లేదని. 1839లో ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఒక చట్టంతో గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్ని మామూలు కోర్టుల పరిధిలోంచి తీసేసి, కలెక్టర్ చేతిలో పెట్టింది. ఆయనకి 'ఏజెంట్' అని పేరు. మనం ఇప్పటికీ ఏజెన్సీ అంటున్నది ఆ మాటతోనే. అంటే పన్ను వేసే ఆయనే పోలీసు, ఆయనే న్యాయాధికారి.

1917లో ఇంకో చట్టం వచ్చింది. కొండ జాతులవాళ్ళ భూమి బయటివాళ్ళకి పోవాలంటే ఏజెంట్ అనుమతి కావాలి. మంచిదే. కానీ అనుమతి ఇచ్చేది ఒక్క మనిషి. ఆయన కొండవాళ్ళని కాపాడాలనుకుంటే భూమి మిగులుతుంది, ఆయన దృష్టిలో వాళ్ళు వ్యవసాయం చేతకాని అడవి మనుషులైతే పోతుంది. చట్టంలో ఒక ఖాళీ వదిలితే అందులోకి ఎవరి విలువలు వస్తాయనేదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

అల్లూరి సీతారామరాజు అనగానే మనకి స్టేషన్ల మీద దాడులే గుర్తొస్తాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. కానీ దానికి ముందు ఆయన ఊరూరా తిరిగి చెప్పిన వాటిలో ఒకటి, తాగుడు మానండి. ఇంకొకటి, తగాదాలకి సర్కారు కోర్టులకి వెళ్ళకండి, మీ పంచాయతీల్లో తీర్చుకోండి. ఇది సినిమాల్లో ఎక్కువ కనిపించదు. తీర్పు చెప్పేవాడు నీ బతుకు తెలిసినవాడై ఉండాలన్న ఆలోచన ఉంది అందులో.

స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త రెగ్యులేషన్, 1970లో దానికి సవరణ. దీన్నే అందరూ 1/70 చట్టం అంటారు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి బదిలీ చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, కాదని అతను రుజువు చేసుకునేదాకా, అది గిరిజనుడి నుంచి వచ్చినదనే చట్టం అనుకుంటుంది. ఏజెంట్‌గారి దయ అనే ఖాళీని ఇలా పూడ్చారు. కానీ ఇంకో ఖాళీ మిగిలింది, ఒకే ఒక్క మాటలో.

'వ్యక్తి' అంటే ఎవరు?

ఆ మాట 'వ్యక్తి'. ఏ వ్యక్తీ గిరిజనేతరుడికి భూమి బదిలీ చేయకూడదు అన్నారు సరే. మరి ప్రభుత్వం 'వ్యక్తి' అవుతుందా?

ఇది గూడెం కొత్తవీధికి తూర్పున, అదే ఏజెన్సీలో, బొర్రా గుహలున్న అనంతగిరి మండలంలో మొదలైంది. అక్కడ ప్రభుత్వం ప్రైవేటు కంపెనీలకి గనుల లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్ళింది. 1995లో హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. 1997 జులై 11న సుప్రీంకోర్టులో ముగ్గురు జడ్జిలు తీర్పు చెప్పారు, ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపు.

జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ప్రభుత్వం కూడా 'వ్యక్తే' అన్నారు. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి లీజు ఇవ్వడం చెల్లదు, ప్రభుత్వ సంస్థో గిరిజనుల సహకార సంఘమో తవ్వుకోవచ్చు, నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత గిరిజనుల అభివృద్ధికి పక్కన పెట్టాలి అన్నారు. జస్టిస్ జి.బి. పట్నాయక్ ఒప్పుకోలేదు. ప్రభుత్వం ఆ మాట కిందికి రాదు, తన భూమిని లీజుకివ్వడానికి ఆ నిబంధన అడ్డు కాదు అన్నారు.

నిఘంటువు తెరిస్తే ఈ గొడవ తేలదు. మామూలు వాడుకలో 'వ్యక్తి' అంటే ప్రభుత్వం గుర్తురాదు, అక్కడ పట్నాయక్‌గారి మాటకి బలముంది. మరి రామస్వామిగారు ఎక్కడ మొదలుపెట్టారు? రాజ్యాంగ పీఠిక, సామాజిక న్యాయం, గిరిజనుడికి భూమే బతుకు, గౌరవం అనే దగ్గర. ఈ చట్టం ఎవరికోసం పుట్టింది, ఏ అర్థం తీసుకుంటే వాళ్ళకి మిగులుతుంది అనేది ఆయన ప్రశ్న. చట్టంలో రాయనిది జడ్జి చేర్చకూడదనే సంయమనం రెండోవైపు. నన్నడిగితే రెండూ విలువలే. పట్నాయక్‌గారిది 'కేవలం చట్టం', రామస్వామిగారిది 'మనసు' అని విడగొట్టడం తప్పు. అక్షరాన్ని దాటకూడదనుకోవడం కూడా ఒక మనసే.

రామస్వామిగారు మన రాష్ట్రంవారే, దళిత కుటుంబం నుంచి వచ్చినవారు. పదవీ విరమణకి సరిగ్గా ముందు ఇచ్చిన తీర్పు ఇది. 'అందుకే అలా రాశారు' అనేయడం చాలా తేలిక. కానీ ఆయనతో ఏకీభవించిన సగీర్ అహ్మద్‌గారు ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు, విభేదించిన పట్నాయక్‌గారు గిరిజనులు ఎక్కువగా ఉన్న ఒడిశావారు. పుట్టుకని బట్టి తీర్పు ముందే చెప్పేయగలిగితే ఇంత చదవక్కర్లేదు.

ఫలితం చిన్నది కాదు. గూడెం కొత్తవీధి మండలంలోని జెర్రెల కొండల్లో బాక్సైట్ ఉంది. ప్రైవేటు కంపెనీకి నేరుగా ఇచ్చే దారి 1997లో మూసుకుపోయింది. 2015 నవంబరులో జీవో 97తో చింతపల్లి, జెర్రెల ప్రాంతంలో 1,212 హెక్టార్ల అటవీ భూమి ఇవ్వాలనుకున్నప్పుడు అది ప్రభుత్వ సంస్థ ఏపీఎండీసీ పేరు మీదే వచ్చింది. ఊళ్ళు ఊళ్ళు ఎదురు తిరిగాయి, 2019లో ఆ జీవో రద్దయింది. నేను చలి కాచుకున్న మంట, ఆ కాఫీ తోటలు ఆ కొండల దగ్గరే. ఒక మాటకి ఇద్దరు జడ్జిలు ఇచ్చిన అర్థం ఎంత దూరం వస్తుందో చూడండి. అలాగని అది చెరగని గీత కూడా కాదు. 2001లో బాల్కో కేసులో సుప్రీంకోర్టులోనే ఇంకో ధర్మాసనం ఈ మెజారిటీ తీర్పు సరైనదేనా అని గట్టి సందేహం వ్యక్తం చేసింది.

ఇప్పుడు జీవో 3

ఇక నేను చప్పట్లు కొట్టిన తీర్పు. ఆ జీవో 2000 జనవరి 10న వచ్చింది. ఏజెన్సీ బడులకి మైదానం నుంచి వేసిన టీచర్లు సరిగ్గా రావడం లేదనేది అప్పటి ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది. మంట దగ్గర నేను విన్నదే. హైకోర్టులో ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు జీవోని సమర్థించారు, ఒకరు కాదన్నారు. సుప్రీంకోర్టులో ఐదుగురూ ఒకే మాట మీద కొట్టేశారు.

చట్టం వైపు నుంచి వాళ్ళ వాదన బలమైనదే, దాచను. 1992 నాటి ఇంద్రా సాహ్ని తీర్పు ప్రకారం రిజర్వేషన్లు మామూలుగా 50 శాతం దాటకూడదు, ఇక్కడ 100 శాతం. మిగతా అందరికీ, ఎస్సీలకీ బీసీలకీ, స్థానికులు కాని గిరిజనులకి కూడా దారి పూర్తిగా మూసేశారు. ఐదో షెడ్యూల్ కింద గవర్నర్‌కి ఉన్న అధికారం ఇంతవరకు రాదు. పిన్ని బాధకి ఇందులో ఒక జవాబుంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని మాత్రం షరతులతో కాపాడారు.

కానీ తీర్పు మొత్తం చదువుతుంటే వేరేచోట ఆగిపోయాను. గిరిజనుల సంస్కృతి ఆదిమమైనదనీ, వాళ్ళని ప్రధాన స్రవంతిలోకి తేవాలనీ రాసిన వాక్యాలున్నాయి. గిరిజనులకి గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచనని చాలా కటువైన మాటతో తోసేశారు. 50 శాతం లెక్కకి ఈ వాక్యాలు అక్కర్లేదు. అవి తీసేసినా తీర్పు నిలబడుతుంది. మరి ఎందుకున్నాయి? 1997 తీర్పులో ఇదే మనుషులు భూమితో ముడిపడిన, గౌరవం ఉన్న మనుషులు. 2020లో వాళ్ళు వెనకబడ్డవాళ్ళు, పైకి లాగాల్సినవాళ్ళు. రాజ్యాంగం అదే, ఐదో షెడ్యూల్ అదే. మారింది చూసే చోటు.

నాకు ఇక్కడ ఒక చిట్కా దొరికింది. జడ్జి విలువలు తీర్పు చివరి పేజీలో వెతక్కండి, విశేషణాల్లో వెతకండి. వాదనకి అవసరం లేకపోయినా రాసిన మాటల్లో ఉంటాయి. కోడ్ రివ్యూలో కూడా అంతే. "ఈ ఫంక్షన్ తప్పు" అంటే సాంకేతిక విషయం. "ఎవరు రాశారిది?" అంటే రాసినవాడి గురించి రివ్యూ చేసేవాడికి ముందే ఒక అభిప్రాయం ఉన్నట్టు.

ఒక జాగ్రత్త. తీర్పుని విమర్శించే హక్కు మనకుంది. జడ్జికి దురుద్దేశాలు అంటగట్టే హక్కు లేదు, అది కోర్టు ధిక్కారం దాకా పోతుంది. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. కాగితం మీద ఉన్న మాట మాత్రమే నాకు తెలుసు. ఈ పోస్ట్ షేర్ చేసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి ప్లీజ్.

ప్రహ్లాదుడు ఏం చేశాడు

వీడియోలో వదిలేసిన ముక్క ఇదే. వికర్ణుణ్ణి కర్ణుడు కసిరి కూర్చోబెట్టాక, విదురుడు లేచి సభకి ఒక కథ చెప్తాడు. నన్నయ తెలుగు చేసిన పర్వాల్లోదే, కావాలంటే అక్కడ వెతికి చదవండి.

ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు. అంగిరసుడి కొడుకు సుధన్వుడు. ఒక కన్య విషయంలో ఇద్దరిలో ఎవరు గొప్ప అని తగాదా వచ్చింది. ప్రాణాలు పందెం పెట్టుకున్నారు. తీర్పు చెప్పమని ఎవరి దగ్గరికి వెళ్ళారు? ప్రహ్లాదుడి దగ్గరికే. ఒక పక్షం తండ్రే జడ్జి! ఈ రోజుల్లో అయితే మొదటి రోజే తప్పుకోమంటారు.

ప్రహ్లాదుడు వెంటనే తీర్పు చెప్పడు. నాకు కొడుకు మీద ప్రేమ లేదనీ చెప్పడు. కశ్యపుడి దగ్గరికి వెళ్ళి అడుగుతాడు, తెలిసీ చెప్పనివాడికీ, అబద్ధం చెప్పినవాడికీ ఏమవుతుంది అని. కశ్యపుడి జవాబు లెక్కలాగా ఉంటుంది. సభలో జరిగిన తప్పుని తప్పు అనకపోతే, పాపంలో సగం సభకి పెద్దకి, పావు చేసినవాడికి, పావు నోరు మూసుకున్న సభ్యులకి. చేసినవాడికంటే పెద్ద వాటా కుర్చీలో ఉన్నవాడిదన్నమాట. విదురుడు ఇది చెప్తున్నది ధృతరాష్ట్రుడు కూర్చున్న సభలో, భీష్ముడు వింటుండగా!

ప్రహ్లాదుడు వచ్చి కొడుకు ముఖం మీదే చెప్పాడు: అంగిరసుడు నాకంటే గొప్ప, సుధన్వుడు నీకంటే గొప్ప, అతని తల్లి నీ తల్లికంటే గొప్ప. కొడుకు ప్రాణం పోయే తీర్పు అది. పుత్రస్నేహాన్ని పక్కన పెట్టి ధర్మం వైపు నిలబడినందుకు నీ కొడుకు బతకాలి అని సుధన్వుడే వదిలేశాడు.

భీష్ముడికీ ఒక బంధం ఉంది, ప్రహ్లాదుడికీ ఒక బంధం ఉంది. ఒకాయన దాన్ని సూక్ష్మధర్మం కింద కప్పేసి, ఎప్పటికో యుద్ధభూమిలో ఒప్పుకున్నాడు. ఇంకొకాయన తీర్పుకి ముందే దాన్ని పట్టుకుని ఇంకొకరి దగ్గరికి వెళ్ళాడు. 'నేను నిష్పక్షపాతిని' అన్న మాట ప్రహ్లాదుడు కథలో ఎక్కడా అనడు, గమనించారా?

ఈ వారం అభ్యాసం ఒకటి ఇస్తున్నాను. మీకు బాగా కోపం తెప్పించిన తీర్పో, బాగా సంతోషం ఇచ్చిన తీర్పో ఒకటి తీసుకోండి. చదివే ముందు కాగితం మీద పైన రాయండి, ఇందులో ఎవరు గెలవాలని నాకుంది, ఎందుకు. తర్వాత తీర్పు చదవండి. విశేషణాల కింద గీత గీయండి, జడ్జివీ, మీవీ.

నేను జీవో 3 తీర్పుతో చేశాను. పైన 'పిన్ని' అని రాశాను. దాని కింద చాలాసేపటికి 'రూమ్మేట్ వాళ్ళ చెల్లి' అని రాశాను. మొన్న పిన్నికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను, మంట దగ్గర మాటలతో సహా. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఆ పిల్ల చెప్పింది నిజమేరా," అంది. "మరి నా రెండు మార్కుల సంగతో?"

కాగితం ఇంకా టేబుల్ మీదే ఉంది.